మక్క కంకి మీద, టైగర్ గాడు మంచం మీద



ఈ వానాకాలం మీలో చాలామంది నన్ను అడిగింది ఒకటే. "ఏందన్నా, టైగర్ గాడు కనిపిస్తలేడు? మంచె మీద నువ్వొక్కనివే పండుకుంటున్నవేంది?" అని. ఎదురుపడ్డోళ్లకు సగం సగం చెప్పుకుంట వచ్చిన. ఇప్పుడు మక్కలు అమ్ముడుపోయినయి, చేతిల జెర తీరిక ఉన్నది, అందుకని మొత్తం రాస్తున్న. పొడుగే అయితది. చేను కాడ కుక్కను పెట్టుకున్నోళ్లు మాత్రం ఓపిక చేసుకొని చదవండి. మన ఊర్లల్ల కుక్క కాలు కుంటితే "అదే బాగయితది తియ్" అంటం. కొన్ని బాగయితయి. మోకాలి లోపల నరం తెగింది మాత్రం అట్ల కాదు.

మా టైగర్ ఊరకుక్కే. అయిదేండ్లుంటయి. నాకున్నది మూడెకరాలు, దాని పక్కన వాగు, వాగు అవతల గుట్ట. పందులు ఎటునుంచి వస్తయో మీకు చెప్పనవసరం లేదు. చుట్టూ పాత చీరెలు కట్టిన, టపాసులు కాల్చిన, అన్నీ ఒక ఏడాదే పనిచేస్తయి, మరుసటేడు పందులు చీరెల కిందికెళ్లి దూరుతయి. కొందరు కరెంటు తీగ పెడుతున్నరు, దాని గురించి ఒక్క మాట: పంది కంటే ముందు మనిషి చచ్చిన ఊర్లు మన చుట్టుపక్కలే ఉన్నయి, ఆ పని చెయ్యకండి. నాకైతే కుక్కే కావలి.

ఆగస్టు ఆఖరి వారం. చేను పూత దాటి కంకి వేస్తున్నది. రాత్రి రెండు గంటలప్పుడు మంద వచ్చింది, టైగర్ తరిమిండు. వాగు ఒడ్డు మీదినుంచి దుంకినప్పుడో, ఉరుకుతా ఉరుకుతా గిర్రున మళ్లినప్పుడో, ఒక్క అరుపు ఇనపడ్డది. తెల్లారేసరికి మూడు కాళ్ల మీద వచ్చిండు. నెత్తురు లేదు, కోర గాయం లేదు, గిట్టల మధ్యల ముల్లు లేదు. ఎనక కుడికాలు నేలకు ఆనిస్తలేడు, ఆనిచ్చినా వేళ్ల కొసలే. కూర్చుంటే ఆ కాలును కిందికి మడవకుండ పక్కకు చాపి కూర్చుంటున్నడు. ఆ కూర్చునే తీరు గుర్తుపెట్టుకోండి. కుక్క మోకాలు నొప్పి పెడుతుంటే అట్లనే కూర్చుంటది.

ఇంతకీ కుక్క మోకాలు ఎక్కడుంటదో చూసిన్రా ఎప్పుడన్నా? ఎనక కాలుకు ఎనకదిక్కు వంగి కనపడేదాన్ని మనం మోకాలంటం. అది మోకాలు కాదు, మన చీలమండ లెక్క. అసలు మోకాలు దానికి పైన, కడుపు దగ్గర, ముందుకు చూస్తుంటది. ఎద్దుకైనా అంతే, బర్రెకైనా అంతే. కుంటినప్పుడు మనం కింద చేత్తో వత్తి "ఏం లేదు" అనుకుంటం, దెబ్బ పైన ఉంటది. అక్కడ చెయ్యి పెడితే టైగర్ నా దిక్కు పళ్లు చూపించిండు. ఎన్నడూ చూపించనోడు. నొప్పిల ఉన్న కుక్క యజమానినైనా కరుస్తది, అది దాని తప్పు కాదు. తువ్వాలతో మూతి లూజుగా కట్టి ఆటోల ఎక్కించుకపోయిన. ఏడాదికోసారి పిచ్చికుక్క రోగం టీకా వేయిస్త కాబట్టి ఆ భయం లేకుండె. మీరు వేయించకుంటే ఇదే అదునుగా వేయించండి.

పశువుల డాక్టరు సాబ్ కుక్కను పక్కమీద పండబెట్టిండు. ఒక చెయ్యి తొడబొక్క మీద, ఒక చెయ్యి కింది బొక్క మీద పెట్టి, కింది బొక్కను మెల్లగా ముందుకు జరిపి చూసిండు. టేబుల్ సొరుగు గుంజినట్టు కొద్దిగా ముందుకొచ్చింది. మంచిగున్న ఎడమకాలుకు అట్ల రాలేదు. నాకూ చూపించిండు. మోకాలి లోపల రెండు నరాల తాళ్లు ఒకదానిమీదొకటి గుణకారం గుర్తు లెక్క ఉంటయట. ముందుదాని పని కింది బొక్క ముందుకు జారకుండ పట్టుకోవడం. మనోనికి అది కొంత తెగింది. కబడ్డీ ఆడే పిల్లలకు, పేపర్ల క్రికెట్ ఆటగాళ్లకు మోకాలు పోయిందని రాస్తరు కదా, ఆ నరమే ఇది. ఎక్స్‌రే తీసినా ఆ నరం ఎక్స్‌రేల కనపడదు, లోపల వాపు, బొక్కల మార్పు మాత్రం తెలుస్తది. అందుకే చెయ్యి పెట్టి చూసే డాక్టరు కావాలె.

నేను అడిగిన మొదటి మాట, "ఇది మళ్లా అతుక్కుంటదా సార్?" అని. అతుక్కోదన్నడు. బొక్క విరిగితే కట్టు కడితే అతుకుతది. ఈ నరం తెగితే మునుపటి లెక్క కాదు. మరి విశ్రాంతి ఎందుకంటే, కీలు కదలకుండ ఉంటే వాపు దిగుతది, కీలు చుట్టూ ఉన్న పొర మెల్లమెల్లగా దళసరి అయ్యి గట్టిపడతది, ఆ పొర కీలును పట్టుకుంటది. తెగిన తాడు పనిని చుట్టూ ఉన్న సంచి చేసినట్టన్నమాట. అది గట్టిపడేలోపు కుక్క ఉరికితే ప్రతి ఉరుకుకూ బొక్క జారుతది, లోపలున్న గుజ్జు మెత్త కూడా నలిగి చిరుగుతది, మిగిలిన నరమూ పోతది.

ఆపరేషన్ సంగతి కూడా దాచకుండ చెప్పిండు. 15 కిలోల లోపు కుక్కలు విశ్రాంతితోనే చాలావరకు నడుస్తయి. పెద్ద కుక్కలకు, బరువున్నవాటికి ఆపరేషనే మంచిది. మనోడు ఎంతుండో తెలువదు. వాపసు వస్తా ఎరువుల దుకాణం కాంటా మీద వాన్ని ఎత్తుకొని నిలబడి, తర్వాత నేనొక్కన్నే నిలబడి, ఇందులోంచి అది తీసేసిన. 19 కిలోలు. నడుమ దగ్గర ఆగిండు. ఆపరేషన్ పట్నంలనే అయితది, ఖర్చు వేలల్ల. డాక్టరు సాబ్ ఏమన్నడంటే, "పూర్తిగ తెగలేదు అనిపిస్తుంది, ఎనిమిది వారాలు గట్టిగ ఆపు, అప్పటికి కాలు మోపకుంటే, లేకపోతే నడిచినప్పుడు కీలుల టక్ టక్ మంటే, అప్పుడు ఆపరేషన్ ఆలోచిద్దం" అని.

ఎనిమిది వారాలు! ఆగస్టు ఆఖరునుంచి లెక్కపెట్టుకోండి. సెప్టెంబరు మొత్తం కంకి పాలు పోసుకుంటది, అక్టోబరు ఆఖరుకు కోత. అంటే నాకు కుక్క కావాల్సిన రోజులు ఎన్నో, సరిగ్గ అన్నే రోజులు కుక్క చేన్ల ఉండొద్దు. పోయినేడు పందులు ఒక్క రాత్రిల పది గుంటలు పండబెట్టినయి. ఇంట్ల ఇదే మాట నడిచింది. మా పెద్దోడు ఫోన్ల అన్నడు, "నాయినా, మూడు కాళ్ల మీదనన్నా మొరుగుతడు కదా, చేను కాడనే కట్టెయ్" అని. తప్పేం అనలేదు వాడు. చేను ఆగమైతే ఎవరు పెడతరు? కానీ చేను కాడ పంది వాసన వస్తే ఆ కుక్క తాడుకు ఆగదు. తాడు తెంపుకుంటడు, లేకపోతే తాడు చివరిదాకా ఉరికి గుంజుకొని మోకాలు ఇంకింత తెంపుకుంటడు. అందుకే వాన్ని ఊర్లకు, ఇంటికి తెచ్చిన. మంచె మీదికి నేను పోయిన. ఇదన్నమాట మీరడిగినదానికి జవాబు.

ఇంట్ల ఎట్ల ఉంచినమో చెప్త. ముందు తాడు సంగతి. పొడుగు తాడుతో కట్టేస్తే విశ్రాంతి అనుకుంటరు, కాదు. పిల్లి కనపడితే ఉరుకుతది, ఎవరన్నా వస్తే ఎగురుతది. కట్టెయ్యడం వేరు, ఆపడం వేరు. పశువుల కొట్టం మూలకు రెండు దిక్కుల గోడ ఉంది, మిగిలిన రెండు దిక్కులు వెదురు తడకలు కట్టిన. లోపల అయిదడుగులు, నాలుగడుగులు. లేచి నిలబడొచ్చు, తిరిగి పండొచ్చు, ఉరకడానికి జాగ ఉండదు. తడక నా ఛాతీదాక, ఎగిరి దుంకేది లేదు. కింద షాబాదు బండలు, తడిస్తే మనమే జారుతం, కుంటి కాలు కుక్క జారితే ఇక అంతే. అందుకని వరిగడ్డి పరిచి మీద యూరియా సంచులు కాదు, గోనె సంచులు వేసిన. ప్లాస్టిక్ సంచి ఇంకా జారుతది. నీళ్ల గిన్నె మూతి దగ్గరనే. తడక మా ఆడోళ్లు పనిచేసుకునే దిక్కుకు ఉంది, మనుషులు కనపడతరు. ఒంటిగ చీకట్ల పెడితే కుక్క ఏడుస్తది, తడక గీకుతది, అది కూడా మోకాలికి దెబ్బే.

రోజుకు నాలుగుసార్లు బయటికి. ఒంటికి, రెంటికి మాత్రమే, అయిదు నిమిషాలు, చేతి మూరెడు తాడుతో. మొదటి వారం కడుపు కింద, ఎనక కాళ్ల ముందర, పాత తువ్వాల వేసి రెండు కొసలు పైకి పట్టుకున్న, సగం బరువు నా చేతిల ఉండేటట్టు. నడుము వంగి నాకే నొస్తుండె. వాకిట్ల మూడు మెట్లున్నయి, అవి ఎత్తుకొనే దించిన. మొదటి మూడు రోజులు కిరాణ దుకాణం ఫ్రిజ్‌ల నీళ్ల ప్యాకెట్ గడ్డకట్టించి, బట్టల చుట్టి, మోకాలి మీద పది నిమిషాల చొప్పున పెట్టినం. వాపు దిగినంక గోరువెచ్చని నీళ్ల బట్ట. మా ఇంటామె చేసింది ఆ పని అంతా. నేను రాత్రి కావలికి, పొద్దంతా నిద్రకు.

మందుల సంగతి జాగ్రత్తగా చదవండి. డాక్టరు సాబ్ మెలాక్సికామ్ రాసిండు, కొన్ని రోజులకే, తిండి పెట్టినంక మాత్రమే. వాంతులైనా, నల్లగ రెంటికి పోయినా ఆపి ఫోన్ చెయ్యమన్నడు. మన ఇండ్లల్ల ఒళ్లు నొప్పులకు వేసుకునే గోలీలు, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఇవి కుక్కకు వేయొద్దు. కడుపుల పుండ్లు పడతయి, కిడ్నీలు పోతయి. మనిషికి పనిచేస్తది కదా అని సగం ముక్క కూడా వేయొద్దు. డైక్లోఫెనాక్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. మా చిన్నప్పుడు ఊరిబయట చచ్చిన గొడ్డును వేస్తే ఎన్ని గద్దలు, రాబందులు దిగుతుండెనో యాభై దాటినోళ్లకు యాదికుంటది. ఇప్పుడు ఒక్క రాబందు చూసిన్రా? డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువు చచ్చిపోతే దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు చెడిపోయి చచ్చినయి. అందుకే 2006ల పశువులకు ఆ మందు నిషేధించిన్రు. 2023ల కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకు బంద్ చేసిన్రు. మెలాక్సికామ్ రాబందులకు ఏమీ చేయదు. మీ ఎద్దుకు ఎవరన్నా సూది వేస్తే సీసా మీద పేరు చదవండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

నొప్పి మందు ఎక్కువ రోజులు ఎందుకియ్యవు సార్ అని అడిగిన. "నొప్పి పూర్తిగ పోతే కుక్క ఊకుంటదా?" అన్నడు. నిజమే.

ఇక సలహాలు. మన ఊర్ల సలహాలకు కరువు లేదు. ఒకాయన వాత పెట్టియ్యి అన్నడు. వాతకు మోకాలి లోపలి నరానికి ఏం సంబంధం? పైన చర్మం కాలి పుండై, ఈగలు వాలి, పురుగు పడతది, అంతే. ఇంకొకాయన వెదురుబద్దలు పెట్టి గట్టిగ కట్టు కడతనన్నడు. ఆయన చెయ్యి మంచిదే, మేకల కాళ్లు ఎన్నో అతికించిండు, అది విరిగిన బొక్కకు. మోకాలు పైన కడుపు దగ్గర ఉంటది కదా, అక్కడ కట్టు నిలవదు, కిందికి జారి నెత్తురు ఆగి కాలు వాస్తది. వద్దన్న. అలిగిండు, దసరాకు అలాయ్ బలాయ్ తీసుకున్నప్పుడు మళ్లా కలిసిండు.

తిండి దగ్గర ఇంట్లోళ్లతోనే పంచాయితి. ఉరకని కుక్కకు ఉరికే కుక్క తిండి పెడితే బరువు పెరుగుతది, ఆ బరువంత మోకాలి మీదనే. నాలుగోవంతు తగ్గించమన్నడు డాక్టరు. తగ్గించినం. కానీ మా అమ్మ ఉంది చూసిన్రా, "నోరులేని జీవి, కాలు ఇరిగి పడి ఉంటే కడుపు గూడ మాడ్పుతరా" అని ఎవరు చూడనప్పుడు జొన్నరొట్టె తడక మీదినుంచి వేస్తుండె. మనుమలు బిస్కెట్లు. చివరికి రొట్టె పెట్టే పనే అమ్మకు అప్పజెప్పిన, పొద్దున ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర, అంతకు మించి లేదని. అప్పటినుంచి మనుమల బిస్కెట్లు కూడా అమ్మనే ఆపింది. దసరాకు మటన్ వండితే ఉడికిన బొక్కలు వేయలే, అవి ముల్లు లెక్క చీలి పేగుల గుచ్చుకుంటయి. మక్కలు వేసేటోళ్లు ఇంకోటి ఎరుక పెట్టుకోండి: గింజ తీసిన మక్క బెండు కుక్కలకు వేయొద్దు. మింగితే పేగుల అడ్డం పడతది, బయటికి రాదు.

అసలు కష్టం మొదటి వారం కాదు. మొదటి వారం కుక్కకే లేవాలనిపించదు. నాలుగో వారం వచ్చేసరికి టైగర్ కాలు మోపుతున్నడు. తోక ఊపుతున్నడు, తడక పట్టుకొని నిలబడుతున్నడు, ఇంటిముందు ఎవరు పోయినా మొరుగుతున్నడు. చూసినోళ్లందరూ "బాగయింది కదా, విడిచిపెట్టు" అన్నరు. అదే వారం చేన్లకు పందులు మూడు రాత్రులు వరుసగా వచ్చినయి. నేను ఒక దిక్కు టార్చి వేసి టపాసు కాలిస్తే ఇంకో దిక్కునుంచి దూరుతున్నయి. వాన, మంచె మీద పట్టా కారుతున్నది. మూడో రోజు పొద్దుగాల ఇంటికొచ్చి కొట్టంల నిలబడ్డ. వాడు నన్ను చూసి తోక ఊపుకుంట ఎగరబోయిండు. తడక ముడి మీద చెయ్యి వేసిన. అబద్ధం ఎందుకు, ఆ పూట విప్పాలనే అనిపించింది.

స్లాబు పోసినోళ్లకు తెలుసు. మరునాడు కాలు పెడితే గట్టిగనే ఉంటది. అట్లని సెంట్రింగ్ విప్పుతమా? నీళ్లు కొట్టుకుంట రోజులు లెక్కపెడతం. డాక్టరు చెప్పింది అదే: నొప్పి పోయింది, బలం రాలేదు. బలం ఉందా లేదా చూసేదానికి నేనొక పని చేసిన. చీరె దారం తీసుకొని మంచి కాలు తొడ చుట్టూ కొలిచి ముడి వేసిన. అదే దారంతో కుంటి కాలు తొడ కొలిచిన. రెండు వేళ్ల వెడల్పు మిగిలింది. అంత కండ కరిగిపోయింది నాలుగు వారాల్లనే. ఆ మిగిలిన దారం కొసను చూసి ముడి విప్పకుండ పోయి పండుకున్న.

ఆ రాత్రినుంచి మా బామ్మర్దిని పిలిపించుకున్న, ఇద్దరం చెరో దిక్కు. అతని పత్తికి నేను పది రోజులు కూలి లేకుండ పోయిన్న, లెక్క సరి.

అయిదో వారం నుంచి నడిపించుడు మొదలు. పొట్టి తాడు, చదును దారి, అయిదు నిమిషాలు, పొద్దున సాయంత్రం. వారానికి అయిదు నిమిషాలు పెంచుకుంట పోవాలె. ఇక్కడ కిటుకు ఒకటుంది: మెల్లగ నడిపించాలె, ఎంత మెల్లగ అంటే మనకే విసుగొచ్చేటంత. వేగంగ పోతే కుక్క కుంటి కాలు ఎత్తుకొని మూడు కాళ్ల మీద కుచ్చుకుచ్చు పోతది, ఆ కాలుకు పని పడదు. మెల్లగ పోతే నాలుగూ మోపక తప్పదు. తర్వాత కూర్చోబెట్టి లేపుడు, అయిదారుసార్లు. ఆరో వారం నుంచి కొద్దిగ ఎత్తుగున్న బండ్లబాట మీద ఎక్కించిన. నడిచిన సాయంత్రం ఎక్కువ కుంటితే మరునాడు తగ్గించిన. బతుకమ్మ ఆడే చోటికి రోజూ అదే టైంకు పోతుంటే ఆడపిల్లలు నవ్విన్రు, "పెదనాయిన కుక్కతోని గౌరమ్మకు మొక్కనీకి వస్తున్నడు" అని. నవ్వనీ.

దారం ముడి వారం వారం చూసిన. ఎనిమిదో వారానికి ఒక వేలు వెడల్పుకు వచ్చింది. డాక్టరు సాబ్ మళ్లా చెయ్యి పెట్టి చూసిండు. బొక్క జారుడు చాలా తగ్గింది, టక్ మనే సప్పుడు లేదు. ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదన్నడు. బరువు 17 కిలోలకు దిగింది. కానీ ఒకటి చెప్పి పంపిండు: ఒక మోకాలు పోయిన కుక్కలల్ల చాలా వాటికి ఏడాది, రెండేండ్లల్ల రెండో మోకాలు కూడా పోతది. అందుకని బరువు పెరగనియ్యొద్దు, దుంకనియ్యొద్దు. ఈ కాలుకు కూడా కీళ్లవాతం వస్తది, చలికాలం పొద్దున పట్టేస్తది. పట్టేస్తున్నది కూడా. పొద్దున లేవంగనే నాలుగడుగులు కుంటి, తర్వాత సాఫీగ నడుస్తడు. నా మోకాళ్లదీ అదే వరుస.

ఇదంత మీ కుక్కకు ఇట్లనే చేయమని కాదు. మీది 30 కిలోల కుక్కయితే, నరం పూర్తిగ తెగితే, ఎనిమిది వారాలకు కూడా కాలు మోపకుంటే, డాక్టరు ఆపరేషన్ అంటే వినండి. ముందు చూపించడం ముఖ్యం. దవాఖాన దూరమైతే 1962కు ఫోన్ చెయ్యండి, మన రెండు రాష్ట్రాల్ల పశువుల బండికి అదే నెంబరు.

చేను లెక్క కూడా అడుగుతరు కదా. ఈసారి పోయింది నాలుగు గుంటలు, వాగు దిక్కు మూల.

ఇప్పుడు యాసంగి పల్లి వేసిన. పందులకు పల్లి అంటే మక్క కంటే ఇష్టం. టైగర్ చేను కాడికి వస్తున్నడు, కానీ కొలువు మారింది. మంచె కింద పొట్టి తాడుకు ఉంటడు, గోనె సంచి మీద పండుకుంటడు. వాసన పట్టి మొరుగుడు వాని పని, లేచి ఉరుకుడు నా పని. తరమడానికి ఒక పిల్లకుక్కను తెచ్చిన. ఆర్నెల్లది. దానికి ఇంకా పందికి, పక్కింటి మేకకు తేడా తెలువదు. రాత్రి అది ఊకె అరిస్తే టైగర్ తల కూడా ఎత్తడు. వాడు లేచి నిలబడ్డప్పుడే నేను టార్చి తీస్తున్న.